స్కూలు సొత్తు

గేటు దగ్గర కాపలాదారు అమ్మాయి చెవి చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

చెవిలో ఉన్నది వినికిడి మిషనని తల్లి ఎంత చెప్పినా వినకుండా, హెడ్‌మిస్ట్రెస్‌కి కబురు పంపాడు.

ఆవిడ అసలు పేరు పిల్లలు ఎప్పుడో మరిచిపోయారు. రూలుకర్ర అంటేనే అందరికీ తెలుసు.

మనిషి చెడ్డది కాదు. నిరుడు ఒక కుర్రాడు చెవిలో శనగగింజంత పరికరం పెట్టుకుని బయటినుంచి జవాబులు చెప్పించుకుంటే, ఆ హాల్లో రాసిన నూట ఎనభై మంది ఫలితాలూ ఆపేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఈ ఏడు ఆకులు ముందే పట్టుకుని కూర్చుంది.

పైనుంచి వచ్చిన కొత్త రూలు కాగితాన్ని నోటీసు బోర్డుకి తనే అంటించింది. విద్యార్థి సొంత ఎలక్ట్రానిక్ వస్తువు ఏదీ, చెవిలో పెట్టుకునేదైనా సరే, హాల్లోకి రాకూడదు.

ఆ రోజు ఇంగ్లీషులో విని రాసే పరీక్ష. స్పీకరులో సంభాషణ ఒక్కసారే వినిపిస్తారు. మిషను లేకపోతే ఆ అమ్మాయికి స్పీకరూ ఒకటే, గోడా ఒకటే. ఇది తప్పితే ఏడాదంతా పోయినట్టే.

తల్లి సంచిలోంచి దరఖాస్తు రసీదు తీసింది. ప్రత్యేక అనుమతి కోసం నాలుగు నెలల కింద పెట్టుకున్నారట. వెళ్ళినప్పుడల్లా ఫైలు పైకెళ్ళిందనే చెప్పారట.

హెడ్‌మిస్ట్రెస్‌కి జాలేసింది. అయినా లోపల రెండు వందల మంది పిల్లలున్నారు.

"నా చేతుల్లో లేదమ్మా," అంది.

"పైకెళ్ళిన ఫైలు అంత తొందరగా కిందికి దిగదు లెండి," అన్నారెవరో.

ఆఫీసు గదిలోంచి ఒక పెద్దమనిషి చేతులకంటిన నల్ల ఇంకు తుడుచుకుంటూ వస్తున్నాడు. పొద్దున భుజాన సంచితో గేటు దగ్గర నిలబడి ఉంటే, జిరాక్సు మెకానిక్ అనుకుని ఆవిడే లోపలికి తరిమింది. ఆయన కాదనలేదు. జిరాక్సు మిషనులో ఇరుక్కున్న కాగితం లాగేసి, అది మళ్ళీ తిరిగేలా చేశాడు.

"మీ పని మీరు చూసుకోండి," అని విసుక్కుంది హెడ్‌మిస్ట్రెస్.

"అయిపోయింది మేడం. చిన్న సందేహం. లెక్కల పరీక్షకి కాలిక్యులేటర్లు ఇచ్చారు కదా, అవీ ఎలక్ట్రానిక్‌వేగా?"

"అవి స్కూలువి. స్టాకు రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి ఇచ్చాం. స్కూలు వస్తువులకి మినహాయింపు ఉంది."

"ఆ మినహాయింపు చెవిలో పెట్టుకునేవాటికి వర్తించదని ఎక్కడైనా ఉందా?"

ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్ళి అక్షరం అక్షరం వేలు పెట్టి చదివింది. రెండోసారి కూడా చదివింది. ఎక్కడా లేదు.

"అయితే దీన్నీ స్కూలుదే చేసేసుకోండి," అన్నాడాయన.

పరీక్షకి ఇంకా పన్నెండు నిమిషాలే ఉన్నాయి.

కంప్యూటరు టీచరు మిషను పరీక్షించి, ఏ ఫోనుకీ ముడిపడి లేదని కాగితం రాసిచ్చాడు. గుమస్తా రిజిస్టరు తెచ్చాడు. తల్లి మిషనును స్కూలుకి విరాళంగా ఇస్తున్నట్టు ఉత్తరం రాసింది కానీ, సంతకం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇచ్చేస్తే మళ్ళీ మాకు వస్తుందా?"

హెడ్‌మిస్ట్రెస్‌కీ అదే గుబులు. స్కూలు సొత్తు ఎవరికీ శాశ్వతంగా ఇవ్వకూడదన్న రూలు కూడా ఉంది మరి.

"పిల్లలకి వాడుకోడానికి ఇచ్చినవి తిరిగి ఇవ్వవలసిన తేదీ అని రిజిస్టరులో ఒక గడి ఉంటుంది చూడండి," అన్నాడాయన. "అందులో చదువు పూర్తయ్యాక అని రాయండి. చదువు ఎప్పుడు పూర్తవుతుందో ఆ అమ్మాయే చెబుతుంది."

ఈ పరీక్షలు మొదలయ్యాక రూలుకర్ర నవ్వడం గుమస్తా చూడటం అదే మొదటిసారి.

తల్లి సంతకం చేసింది. సాక్షి గడిలో ఆయన చేశాడు. అంతా సర్దుకునేసరికి మనిషి కనిపించలేదు.

అమ్మాయి మొదటి బెంచీలో కూర్చుంది. స్పీకరు మోగింది. కిటికీలోంచి చూస్తున్న హెడ్‌మిస్ట్రెస్ చూపంతా కలం మీదే ఉంది. అమ్మాయి కలం ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత కాగితం మీద పరుగెత్తింది.

పరీక్ష మధ్యలో తనిఖీ స్క్వాడు దిగింది. స్క్వాడు అధికారిణి ఒక్కొక్క చెవీ చూసుకుంటూ వచ్చి ఆ బెంచీ దగ్గర ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. అధికారిణి ఉత్తరం, నంబరు, టీచరు కాగితం అన్నీ చూసింది. భూతద్దం పెట్టినా తప్పు దొరకలేదు. సాక్షి సంతకం దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, సరిగా ఉందని రాసి సంతకం పెట్టింది.

గంట కొట్టారు. అమ్మాయి పరుగున బయటికొచ్చి తల్లిని పైకెత్తినంత పని చేసింది.

"ఒక్క మాట కూడా పోలేదమ్మా! అన్నీ రాసేశాను."

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు తుడుచుకోవడం ఆ రోజు అందరూ చూశారు. ఆవిడ దాచుకోలేదు కూడా.

ఆ మెకానిక్‌కి కృతజ్ఞత చెప్పాలని గేటు దాకా వెళ్ళింది. వీధిలో ఎవరూ లేరు. వెనకే వచ్చిన అధికారిణితో, సాక్షి సంతకం చేసిన మెకానిక్‌కి కనీసం మంచినీళ్ళయినా ఇవ్వలేదే అని వాపోయింది.

"ఆయన మెకానిక్ కాదు మేడం, మా పరీక్షల శాఖ పెద్దాయన," అందామె. "పోయిన నెలే రిటైరయ్యారు. ఇప్పుడు రోజుకో స్కూలు గేటు దగ్గర నిలబడి, ఎవరికి కష్టమవుతోందో చూస్తున్నారట."

"కష్టమా? దేనివల్ల?"

"మీరు బోర్డుకి అంటించిన ఆ రూలు రాసింది ఆయనే."