ఒరిగిన భుజం

పెద్రా సేకా ఊరి సంతలో జెనివాల్ తన తీగవాద్యం వయోలా అందుకుంటే బెల్లం అమ్మేవాళ్ళు కూడా బేరాలు ఆపేస్తారు.

అందరూ అడిగేది ఒకటే పాట. తన అయిదో ఏట ఆ ఊళ్ళోనే పోయిన తల్లి మీద అతను కట్టినది.

"ఊయలలో కట్టి మోసుకుపోయారు అమ్మను,
వెనకాలే ఒంటరిగా నడిచాను నేను,
ఎత్తుకునే భుజం ఒక్కటీ లేదు ఈ ఊళ్ళో."

ఆ ఎండిన నేలలో పేదవాళ్ళు తాము పడుకున్న గుడ్డ ఊయలలోనే, కర్రకు వేలాడుతూ శ్మశానానికి పోతారు. అమ్మను పూడ్చిన మర్నాడే జెనివాల్‌ను పిన్ని పట్నం తీసుకుపోయింది. అయినా ఈ ఊళ్ళో తనవాళ్ళు ఒక్కరైనా ఉంటారేమోనన్న ఆశ చావలేదు. అందుకే ప్రతి సంతకూ వస్తాడు.

ఆవేళ జనంలోంచి ఎడమ భుజం కిందికి ఒరిగిన ముసలాయన ఒకడు ముందుకొచ్చాడు.

"పాట బాగుంది బాబూ. కానీ నువ్వు నడవలేదు. ఆ ఒక్క మాట మార్చుకో."

"ఏం తాతా, నాకంటే నీకు బాగా తెలుసా?"

"తెలుసు."

జనం ఈలలు వేశారు. అడ్డొచ్చినవాడికి అక్కడికక్కడే పాటతో బదులివ్వకపోతే సంతలో పాటగాడి పరువు పోతుంది. జెనివాల్ తీగ మీటాడు.

"నా పాట సరిచేయ వచ్చాడమ్మా ఈ తాత,
తన భుజమే సరిచేసుకుంటే పాట సంగతి తర్వాత."

సంతంతా గొల్లున నవ్వింది. ముసలాయన కూడా నవ్వి, తోలు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు గుర్తొచ్చి జెనివాల్‌కు వారమంతా తిండి సయించలేదు. పెద్దవాణ్ణి, అదీ ఒంట్లో లోపం పట్టుకుని నవ్వులపాలు చేశాడు. మళ్ళీ కనబడితే క్షమించమని అడుగుదామనుకున్నాడు.

పై సంతకు వస్తే ఊరి మొదట్లోనే శవయాత్ర ఎదురైంది. దారినపోయేవాళ్ళు కాసేపు భుజం మార్చడం అక్కడి మర్యాద. జెనివాల్ వయోలా వీపుకు తగిలించుకుని ఊయల కర్ర కింద భుజం పెట్టాడు.

"ఎవరమ్మా పోయింది?" పక్కన నడుస్తున్న నల్లగౌను ఆమెను అడిగాడు.

"మా నాన్న, తిబుర్సియు. పోయిన సంతలో మీరు పాట కట్టారే, ఆయన."



"తప్పు చేశానమ్మా. ఆ భుజం గురించి అలా అనకుండా ఉండాల్సింది."

"ఊళ్ళో పోయినవాళ్ళందరినీ మోసి మోసి ఒరిగింది లెండి. ఇంటికొచ్చి మీ పాట చెప్పి ఆయనే నవ్వాడు."

"మరి నేను నడవలేదని ఎందుకన్నాడు?"



"విషజ్వరమని మీ అమ్మ దగ్గరికి ఎవరూ రాలేదు. నాన్నా, బాబాయీ ఇద్దరే మోశారు. ఊయల కర్ర నాన్న ఎడమ భుజం మీద, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన మీరు కుడి భుజం మీద."