మూడుసార్లు తిరిగొచ్చిన కాగితాలు

"పెళ్లి ఏ తారీఖున అయింది శివరాములుగారూ?"

"మే పదకొండు సార్."

"రెండోసారి పంపినప్పుడు పన్నెండని రాశారు."

శివరాములు టేబుల్ అద్దం కింద పెట్టిన విమానం బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. ఫణీంద్ర కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. పంజాగుట్టలో మెట్రో లైను ఎదురుగా, రెండో అంతస్తులో, వీసా కాగితాలు నింపిపెట్టే ఆఫీసు అతనిది.

"ఏంటండీ ఇది? మొదటిసారి సంతకం మరిచారు. రెండోసారి సొంత పెళ్లి తేదీ తప్పు రాశారు. మూడోసారి ఏమైందో మీ ఆవిడ చెప్పనే లేదు, తిప్పి పంపేశారని మాత్రం అన్నారు. మనిషిని చూసి నడుం కొలత చెప్పేస్తారట కదా మీరు?"

"అది బట్ట సార్. ఇది కాయితం. జర పరేషాన్ అయితది."

ఫణీంద్ర నవ్వాడు. శివరాములు నవ్వలేకపోయాడు.

సిరిసిల్ల నుంచి వచ్చి మైత్రీవనం వెనక, కోచింగ్ సెంటర్ల గల్లీలో కుట్టుమిషన్ వేసుకుని పదిహేనేళ్లయింది. కోచింగ్ పిల్లలు పొద్దున వదులు ప్యాంటు తెచ్చిపడేసి, "అన్నా, రేపే ఇంటర్వ్యూ" అంటే సాయంత్రానికి ఒంటికి అతికినట్టు చేసి ఇస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కరి బట్ట చెడగొట్టలేదు. అట్లాంటివాడు మూడోసారి దరఖాస్తుకు ఇచ్చే ముందు తన ఫోటోను రాసిచ్చిన కొలత కన్నా టేపు మీద రెండు గీతలు తక్కువగా కత్తిరించాడు. కత్తెరకు తెలియక కాదు. సంతకమూ అంతే, తారీఖూ అంతే.

అతని భార్య ప్రమోద కెనడాలో నర్సు. వెళ్లి ఆరేళ్లయింది. మధ్యలో రెండుసార్లు వచ్చిపోయింది. అక్కడి పౌరసత్వం రాగానే భర్తను పిలిపించుకోవడానికి స్పాన్సర్‌గా సంతకం పెట్టింది. ఆ రోజు వీడియోలో ఇల్లంతా తిప్పి చూపించింది. "ఈడ బట్టలు కుట్టిచ్చుకునేటోళ్లు లేరయ్యా. నువ్వు రాజా లెక్క కూసో, నేను సంపాదిస్త," అని ముచ్చటగా నవ్వింది. ఆ మాట అతని గుండెలో సూదిలా దిగి అక్కడే ఉండిపోయింది. రానని చెబుదామంటే నోరు రాలేదు. ఇద్దరి కోసమని రాత్రీ పగలూ చాకిరీ చేస్తున్న మనిషికి ఏ ముఖంతో చెబుతాడు? అందుకే ప్రతిసారీ ఒక చిన్న తప్పు చేశాడు.

మొదటిసారి కాగితాలు తిరిగొస్తే ఆమె ఏడ్చింది. రెండోసారి తిట్టింది. మూడోసారి మాత్రం, "పోనీ తియ్యి, మనసుకు తీసుకోకు," అని ఓదార్చింది. ఆ ఓదార్పే అతన్ని రోజూ కోస్తోంది.

"ఒక పని చేద్దాం," అన్నాడు ఫణీంద్ర కీబోర్డు ముందుకు లాక్కుంటూ. "వీసా వెబ్‌సైట్‌లో మీ పేరు మీదున్న అకౌంట్ తెరుస్తా. మూడోసారి ఏ తప్పు పట్టారో అందులో ఉంటుంది. అది దిద్దుకుంటే ఇక బెంగ లేదు."

శివరాములు కుర్చీలోంచి సగం లేచాడు. "అన్నీ కనవడ్తయా సార్?"

"తేదీతో సహా. సర్వర్ కాస్త నెమ్మది, అంతే."

"జర ఫోన్ మాట్లాడొస్త."

వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. మెట్రో రైలు ఒకటి పోయేదాకా ఆగాడు. ఎవరో చెబితే ప్రమోద వినడం కన్నా తన నోటితోనే చెప్పాలనిపించి ఫోన్ కలిపాడు.

"తిన్నవా?" అంది ప్రమోద. అక్కడ పొద్దున. డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడింది.

"కాయితాలు నింపే కాడ ఉన్న."

"తొందరేం లేదయ్యా. దుకాణం బందు పెట్టుకొని ఎందుకు తిరుగుతవు?"

"ప్రమోదా, ఒకటి చెప్త. ఎన్ని తిట్టినా పడ్త."

"ఏంది?"

"నేను కావాలనే తప్పులు రాసిన. నాకు ఆడికి రావాలంటె భయం. వచ్చి ఏం జెయ్యాలె? నీకు చెప్ప చాతగాలె."

"సంతకం?"

"కావాలనే."

"పెండ్లి తారీఖు సుత?"

"అది సుత. ఫోటో గూడ నేనే పొట్టిగ కత్తిరించిన. మూడోసారి దానికే వాపసు పంపిండ్రు. నువ్వేమో ఒక్క మాట అనకపోతివి. నన్ను మాఫ్ చెయ్."

అవతల వెక్కిళ్లు వినిపించాయి. "నువ్వు మాఫ్ అడగకు. నన్ను అడగకయ్యా."

"అట్ల ఏడ్వకు. ఈసారి ఒక్క తప్పు లేకుంట రాస్త. వస్త. నువ్వున్న కాడికే వస్త. సార్ ఇప్పుడు కంప్యూటర్ల చూస్తుండు, అన్ని బయటపడ్తయని ముందుగాల నీకే చెప్తున్న."

"కంప్యూటర్లనా?" ప్రమోద ఏడుపు టక్కున ఆగింది. "చూసిండా?"

"ఇంకా చూడలే."

"ఇను, నేను..." అని ఆగిపోయింది. "బస్సొచ్చింది," అని ఫోన్ పెట్టేసింది.

శివరాములు కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చాడు. చాలా నెలల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది. కూర్చుంటూనే పెన్ను అందుకుని, చూపించిన ప్రతి గడి కిందా సంతకం పెట్టాడు. పెళ్లి తేదీ దగ్గర 'మే పదకొండు' అని పిల్లవాడు కాపీ రాసినట్టు కుదురుగా రాశాడు.

"సార్, ఫోటో కొలత నేనే తక్కువ చేసిన. ఆమెకు చెప్పేసిన. ఈసారి సక్కటిది ఇస్త."

ఫణీంద్ర తల ఎత్తలేదు. తెర వైపే చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"మీ ఫోటోను ఎవరూ తప్పు పట్టలేదండీ."

"మరి?"

ఫణీంద్ర తెరను మెల్లగా అతని వైపు తిప్పి, ఒక వరస కింద వేలు పెట్టి తెలుగులో చదివి వినిపించాడు.

మూడో దరఖాస్తును వద్దని రాసి వెనక్కి తీసుకున్నది ప్రమోదే.