లాభం

"నా పెళ్లాం, నా ఇష్టం! నీకేందిరా?"

ఎజ్రా మళ్లీ కర్ర ఎత్తాడు. అతని భార్య యేసుమణి నొసలు పగిలి కూలబడింది. కొడుకు జయపాల్ తండ్రి నడుం ఒడిసిపట్టి అమాంతం తలపైకి లేపాడు. ఎదురుగా పదునైన పలకరాళ్ల కుప్ప.

"ఈ పొద్దు నిన్ను చంపేస్తా నాయనా!"

ఎనిమిది నెలలుగా జయపాల్ రోజూ కాలేజీ బస్సు వచ్చేలోపు వాకిట్లో కసరత్తుకని బండను తలపైకి ఎత్తుతున్నాడు. ఒక్కరోజూ మానలేదు. లెక్కపెట్టేది అమ్మ. గింజలు కొలిచినట్టు, ఒకటికి బదులు 'లాభం' అంటుంది.

"లాభం," అంది యేసుమణి, రోజూలాగే. "దించు నాయనా."

అలవాటైన చేతులు మెల్లగా దించేశాయి.

జయపాల్ అన్నాడు: "బండకన్నా తేలిగ్గా ఉండాడమ్మా."

యేసుమణి నెత్తురు తుడుచుకుంది.

"అట్లనా? రేపట్నుంచి బండ నేనెత్తుతా. లెక్క నువ్వు పెట్టు."