పేరు చెప్పని పసరు

“ఈసారి గూడ వలయం రాలే గణేశ్,” అంది సింధూజ, గాజు పళ్లెం మీద మూత పెట్టేస్తూ.

గణేశ్ వీలైనంత దిగులుగా మొహం పెట్టాడు. లోపల మాత్రం బ్యాండు మోగుతోంది. మందు ఓడిపోయిందంటే వచ్చే సోమవారం మరో మందు పట్టుకుని రావచ్చు.

సింధూజ కోరుట్లలో ఒక కాలేజీ లెక్చరర్. పుండ్లకు చీము పట్టించే క్రిములను పల్లె మందాకులు చంపుతాయో లేదో పరీక్షిస్తోంది. పళ్లెంలో క్రిములను పెంచి, నడుమ పసరు పోస్తుంది. పసరులో సత్తా ఉంటే చుట్టూ క్రిములు చచ్చి, గుండ్రంగా ఖాళీ వలయం ఏర్పడుతుంది. ముత్యంపేటలో గాయాలకు మందు కట్టే సత్యవ్వ సాయానికి ఒప్పుకుంది గానీ, ఆకు చూపించనంది. పేరు బయటపెడితే మందాకు గుణం పోతుందని ఆమె నమ్మకం. అందుకే తనే నూరి, ముద్ద చేసి, డబ్బాలో పెట్టి మనవడితో పంపుతుంది. ఆ మనవడే గణేశ్. మెట్‌పల్లిలో మోటార్లు బాగుచేస్తాడు. కోరుట్ల అతని దారిలో లేదు, కానీ సోమవారాలు మాత్రం దారిలోకి వచ్చేస్తుంది.

సంగతి వినగానే సత్యవ్వకు ఒళ్ళు మండింది.

“నా మందుకు మానని పుండు ఊర్ల ఉన్నదా? గా పిల్లకు కండ్లు కనవడతలేవా ఏంది?”

“మంచిగనే కనవడతయి నాయినమ్మ. పెద్ద పెద్ద కండ్లు.”

సత్యవ్వ మనవణ్ణి ఎగాదిగా చూసింది. “ఇగ నాకాడ మందు లేదు కొడుకా. తెలిసినయన్నీ పంపిన. పోయి దండం పెట్టి రా.”

గణేశ్‌కు అన్నం సయించలేదు. మందు లేకుంటే డబ్బా లేదు, డబ్బా లేకుంటే కోరుట్ల లేదు. సోమవారం పొద్దున్నే కంచె మీది తీగేదో తెంపి, తనే నూరాడు. ఆ పై వారం మక్కచేను గట్టున మొలిచిన గడ్డి. ఒకసారి తొందరలో ఏమీ దొరక్క వంటకు తెచ్చిన పుంటికూరే, అదే గోంగూర, నూరుకుపోయాడు. సింధూజ డబ్బా తెరిచి, వాసన చూసి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. తర్వాత “చూస్త,” అంది.

అదీ ఓడిపోయింది. ఇద్దరూ ఒకేసారి “అయ్యో” అన్నారు.

ఈ సోమవారం సింధూజ అతనికి టీ పోసి ఇచ్చింది. రెండో గుటకకే గణేశ్‌కు సిగ్గేసింది. ఇంత మంచి పిల్ల పరీక్షలో పిచ్చాకులు పోసి చెడగొడుతున్నాడు. ఇక మొహం చూడనివ్వకపోయినా సరే, దాచకూడదనుకున్నాడు.

“మేడం, తప్పు జేసిన. నాయినమ్మ మందులు ఎన్నడో ఒడిసినయి. గీ నడుమ తెచ్చినయన్నీ దారి పొంటి తెంపిన పిచ్చాకులే.”

“పుంటికూర గూడనా?”

“అది గూడ.” గణేశ్ తల దించుకున్నాడు. “మిమ్ముల చూసుటానికి ఇంకో సాకు దొరకలే. మీ పని ఆగం చేసిన. ఇగ రాను మేడం.”

సింధూజ కోప్పడలేదు. చెవులదాకా ఎర్రబడి, ఫ్రిజ్‌లో అడుగునున్న పళ్లెం ఒకటి తీసి అతని ముందు పెట్టింది. నడుమ రూపాయి బిళ్ళంత వలయం, అద్దంలా తేటగా ఉంది.

గణేశ్ పళ్లెం మీదికి వంగి చూశాడు. ఎవరి మందో గెలిచేసిందన్నమాట.

“ఇది ఎవలు తెచ్చిండ్రు మేడం?”

“మీరే, మొదటి సోమవారం.”