అధ్యక్షుడి గది ఎదుట

తీర్మానం చదవడం పూర్తిచేసి జగన్నాధం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బార్ అసోసియేషన్ కొత్త అధ్యక్షుడిగా అది ఆయన మొదటి సభ. పాత అధ్యక్షుడు నరసింగరావును ఒక సాయంత్రం సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలో ఎవరో పొడిచి చంపారు. ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు. ఆయన మీద పోటీ చేసి ఓడిపోతూ వచ్చి, చివరికి ఉపాధ్యక్షుడిగా సర్దుకున్న జగన్నాధాన్నే ఇప్పుడు ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

ముద్దాయి పోతురాజు పక్క పల్లెలో చేపలు పట్టుకునేవాడు. పడవల రేవు తగాదాలో నరసింగరావు వాదన వల్లే అతను కేసు ఓడిపోయాడు. శవం పక్కన నెత్తుటి చేతులతో దొరికాడు. బతికున్నారేమోనని లేవదీశానన్నాడు. ఎవరూ నమ్మలేదు. అతని తరఫున ఈ బార్‌లో ఎవరూ వకాల్తా వేయకూడదన్నది తీర్మానం. హాలంతా చేతులెత్తింది.

వెనక వరసలో అనూరాధ ఒక్కతే చెయ్యెత్తలేదు. గరివిడి నుంచి వచ్చి నరసింగరావు దగ్గరే జూనియర్‌గా పని నేర్చుకున్న పిల్ల. ఎంత నేరం మోపినా మనిషికి లాయరుండాలని ఆమెకు చెప్పింది ఆయనే. అలాగని ఆయన్ని చంపినవాడి పక్షాన లేచి మాట్లాడటానికీ ఆమెకు నోరు రాలేదు.

మర్నాటి నుంచి పోతురాజు తల్లి తవిటమ్మ కోర్టుకు రావడం మొదలుపెట్టింది. ఏ లాయరు కాళ్లూ పట్టుకోలేదు. వరండా మెట్ల దగ్గర కూర్చుని, లోపలికి వెళ్లే ప్రతి నల్లకోటు మొహంలోకీ చూసేది. కొడుకుని చూడ్డానికొచ్చావా, వాయిదాకి ఇంకా చాలా రోజులున్నాయి కదా అని అనూరాధ అడిగింది.

"సూస్తన్నాను తల్లీ" అందామె. అంతకు మించి చెప్పలేదు.

తర్వాత ఆమె లోపలికొచ్చి సరిగ్గా అధ్యక్షుడి గది ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. తీర్మానం వెనక్కి తీసుకోమని అడగడానికేనని అందరూ అనుకున్నారు. కానీ ఆమె అడగలేదు. కూర్చునేది, జగన్నాధం వైపు చూసేది, కోర్టు ముగిశాక లేచి వెళ్లిపోయేది. ఆమె వెళ్లాక కూడా ఎండుచేపల వాసన ఆ వరండాలో నిలిచి ఉండేది. ఫినాయిలు పోసి కడిగించినా పోలేదు. లాయర్లు ఆ పక్కకి వెళ్లడం మానేసి వెనక మెట్లెక్కి తిరగసాగారు.

జగన్నాధం మొదట్లో జాలిపడ్డాడు. టీ ఇప్పించమన్నాడు. ఆమె ముట్టలేదు. గుమ్మానికి తెర కట్టించాడు. ఫ్యాను గాలికి తెర లేచినప్పుడల్లా అవే కళ్లు. కుర్చీని గోడవైపు జరిపించాడు. ఆమె బల్ల మీదే ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగి కూర్చుంది. ఎప్పుడూ కాగితం చూడకుండా సాక్షుల్ని నిలదీసే మనిషి, ఒకరోజు ప్రశ్న మధ్యలో ఆగిపోయాడు. కోర్టు హాలు తలుపు దగ్గర తవిటమ్మ నిలబడి ఉంది. జడ్జి రెండోసారి పిలిస్తేగాని ఆయన ఉలికిపడలేదు.

ఆ మధ్యాహ్నం తుపాను వాన పట్టుకుంది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. అనూరాధ ధైర్యం చేసి ఆయన గదిలోకి వెళ్లింది. ఇలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టే చెప్పిందని, తను వకాల్తా వేస్తానని, నరసింగరావు గారైనా ఇదే చేయమనేవారని ఏకబిగిన చెప్పేసింది. తిట్లు పడతాయనుకుంది.

ఆయన తెరవైపు చూశాడు.

"ఆవిడ రెప్ప వేయడం నువ్వెప్పుడైనా చూశావా, అనూరాధా?"

అనూరాధ గుమ్మం వైపు తల తిప్పింది.

"తీర్మానం తప్పే. రద్దు చేయిస్తాను" అన్నాడాయన నెమ్మదిగా. "వకాల్తా నువ్వు కాదు, నేనే వేస్తాను. ఆయన కుర్చీలో కూర్చున్నందుకు ఆ మాత్రం చెయ్యాలి. రేపు జైలుకెళ్లి కుర్రాడి చేత సంతకం పెట్టించుకొద్దువుగాని. ముందు ఆవిణ్ణి ఇంటికి వెళ్లిపొమ్మను."

అనూరాధకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఆయన్ని తప్పుగా అనుకున్నందుకు సిగ్గుపడింది. గబగబా బయటికొచ్చింది. వరండాలోకి జల్లు కొడుతోంది. తవిటమ్మ తడిసిన చీరతో, కదలకుండా అలాగే కూర్చుని ఉంది.

అనూరాధ ఆమె పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. అధ్యక్షుడే దిగివచ్చాడని, ఈ జిల్లాలో ఆయనంత లాయరు లేడని, నీ కొడుకు బయటికొస్తాడని చెప్పింది. తవిటమ్మ మొహంలో ఏ మార్పూ లేదు.

"ఆయనొద్దు" అంది చివరికి. "నువ్వెయ్యి తల్లీ. ఓడిపోతే ఓడిపోనీ. నువ్వే ఎయ్యి."

నిన్నమొన్న నల్లకోటు తొడుక్కున్న తన చేతిలో కొడుకు ప్రాణం పెట్టడమేమిటో అనూరాధకు అర్థం కాలేదు. హత్య కేసులు తనెప్పుడూ నడపలేదని, ఉరి పడితే ఏం చేస్తావని అడిగింది. ఆయన్ని వద్దనడానికి కారణమేమిటనీ అడిగింది.

వాన హోరు కాస్త తగ్గింది. తెర పక్కకి తొలగింది. జగన్నాధం గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నాడు. తవిటమ్మ అనూరాధ చెయ్యి పట్టుకుంది. ఆయన మీంచి చూపు తిప్పకుండానే, మామూలు గొంతుతో అంది:

"ఆ సాయంత్రం నల్లకోటుతో సముద్రంలో కత్తి కడుక్కున్నోడు ఈడే."