ఒక గాజు తక్కువ

“గయాజ్ భాయ్, యల్లా, కానియ్! ఇంజన్ తిరిగేటట్టు గాలి వదులు,” అన్నాడు ఫర్హాన్.

“ఆగండి!” అని అరిచాను.

ఈ ఎడారి దేశంలో, ఉమ్ సలాల్ అనే ఊళ్ళో ఒక తోటలోని షెడ్డులో, నా భర్త ఫర్హాన్ సొంతంగా తయారుచేసిన చిన్న జెట్ ఇంజను మొదటిసారి తిరగబోతోంది. నచ్చితే కొంటానన్న కంపెనీ సార్ గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఈరోజు తప్పితే మళ్ళీ రాడు.

“ఏమైంది, ఇరం?”

“నా లక్కగాజు ఒకటి లేదు. ఇందాక ఇంజన్ లోపటికి తొంగిచూసిన కదండీ... అండ్లనే పడ్డదేమో.”

సాయానికొచ్చిన గయాజ్ భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. “కొత్త పెళ్ళికూతుర్ని షెడ్డుకు తెస్తే గిట్లనే అయితది! పడ్డదో లేదో తెల్వదాయె. నడిపెయ్ మియా, సార్ పోతడు.”

ఫర్హాన్ చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు. ఇంజను మూతి విప్పి, టార్చి వేసి వెతకసాగాడు. కాసేపటికి బయట సార్ కారు కదిలిన చప్పుడైంది.

నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామని దుపట్టా లాగితే, మడతలోంచి గాజు జారి కింద పడింది.

“యా అల్లా!” అన్నాడు గయాజ్ భాయ్.

భయంగా ఫర్హాన్ వైపు చూశాను. ఆయన నవ్వుతున్నాడు.

“నేను విమానాలు రిపేరు చేసే హ్యాంగర్‌ల స్పానర్ కనవడ్తలేదని చెప్పినోణ్ణి ఎవ్వరూ తిట్టరు, ఇరం. ఇంజన్ల పడి తిరిగితే అంతా పల్గుతది గదా, విమానమే ఆపుతరు. చెప్పకుంట దాస్తేనే నౌకరీ పోతది.” టార్చి నా చేతిలో పెట్టాడు. “భాయ్, ఇగ నుంచి ఇరం చూసి సరే అంటేనే స్టార్ట్.”

లోపలంతా వెతికి వెతికి చూసి, సరే అన్నాను.

ఇంజను ఈల వేస్తూ లేచింది. చూసింది మేం ముగ్గురమే. నాకైతే ఊరంతా చూసినట్టే ఉంది.