కేకు వాసన

చట్టబద్ధంగా గంజాయి అమ్మే దుకాణంలో, వెనీలా కేకు రకం గంజాయి ఉన్న సీసా అమ్మకందారు కర్టిస్ చేయిజారి భళ్ళున పగిలింది. మరుక్షణం కొనడానికి వచ్చిన వెండెల్ రెండు చేతులతో అతని గొంతు పట్టి గోడకు నొక్కేశాడు. కర్టిస్ కళ్ళు బైర్లు కమ్మాయి.

“వదులు వెండెల్! ఇది యుద్ధం కాదు, డెన్వర్!” వెండెల్ భార్య రొబెర్టా అతని వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది.

వెండెల్ తన చేతుల వంకే చూసుకుంటూ గాజుపెంకుల్లో కూలబడ్డాడు.

“పిచ్చోణ్ణి దుకాణం మీదికి తోలుకొచ్చావేంటమ్మా!” కర్టిస్ దగ్గుతూనే పోలీసుల కోసం ఫోను తీశాడు.

“ఆయన నిన్ను ఒక్కటే అడిగాడు బాబూ, ఇది పీలిస్తే కలలు ఆగుతాయా అని. నువ్వేమన్నావ్?”

కర్టిస్‌కు గుర్తొచ్చింది. కేకులాంటి కలలొస్తాయి సార్ అని పకపకా నవ్వాడు తను.

రొబెర్టా తన మెడకున్న రుమాలు సడలించింది. చర్మం మీద వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. “మొన్న నిద్రలో. సైన్యం నుంచి వచ్చాక ఇది మూడోసారి.”

కర్టిస్ ఫోను జేబులో పెట్టేసి వెండెల్ పక్కన నేల మీదే కూర్చున్నాడు.

“రెండు జాతులు కలిపి పెంచిన మొక్క సార్ ఇది. వాసనే కేకు, మత్తు మాత్రం గట్టిది. కొందరికి గుండెదడ, భయం పుట్టిస్తుంది. మీకిది అమ్మను.” గొంతు సవరించుకుని మెల్లగా అడిగాడు. “ఎలాంటి కలలు సార్?”